జపాన్ పింగాణీ వాజ్‌లు సేకరించాలంటే: అడుగున ముద్ర ఆఖర్న చూడండి

పాత సామాన్లు అమ్మే చోట ఎవరికైనా ఒక పింగాణీ ఫ్లవర్ వాజ్ నచ్చిందనుకోండి. చేతిలోకి తీసుకోగానే చేసే మొదటి పని దాన్ని తిరగేసి అడుగున ఏం రాసుందో చూడటం. నేనూ చాలా ఏళ్ళు అదే చేశాను. న్యూజెర్సీలో ఉన్నప్పుడు శనివారం వచ్చిందంటే చుట్టుపక్కల ఎస్టేట్ సేల్స్‌కి, అంటే ఒక ఇంట్లోని సామానంతా అమ్మేసే చోట్లకి, వెళ్ళేదాన్ని. జపాన్‌లో చేసిందని చెప్పే ‘నిప్పాన్’ అన్న మాట అడుగున కనిపిస్తే చాలు, మిగతావేవీ చూడకుండా డబ్బు తీసి ఇచ్చేదాన్ని. అలా ఒకసారి 140 డాలర్లు పెట్టి నకిలీ వాజ్ ఇంటికి తెచ్చుకున్నాను. ఆ కథ తర్వాత చెప్తాను.

కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు ఎవరడిగినా ఇప్పుడు నేను చెప్పేది ఒకటే: ముద్ర ఆఖర్న చూడండి. ఆ వస్తువు మొత్తంలో అన్నిటికంటే తేలిగ్గా నకలు చేయగలిగింది ముద్రే. దానికి ఒక స్టాంపు చాలు. తెల్లమట్టి, బట్టీ వేడి, కుంచె పట్టిన చెయ్యి, నూరేళ్ళు చేతులు తగిలి అరిగిన బంగారు పూత, వీటిని నకలు చేయడం చాలా కష్టం. కాబట్టి ముందు వాటిని చూడటం నేర్చుకోవాలి. ఆ నేర్చుకునే క్రమమే ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఏ రకమో తేల్చుకోండి

‘జపాన్ పింగాణీ’ అని మొత్తంగా మొదలుపెడితే దిక్కు తోచదు. ఒక ఊరో, ఒక కాలమో ఎంచుకోండి. ఎంచుకోవాలంటే కాస్త చరిత్ర తెలియాలి.

జపాన్‌లో పింగాణీ పుట్టిన ఊరు అరిత. క్యూషూ దీవిలో, సాగా రాష్ట్రంలో ఉంది. 1592 నుంచి 1598 దాకా అప్పటి జపాన్ పాలకుడు హిదెయొషి కొరియా మీద చేసిన దండయాత్రల్లో జపాన్ ప్రభువులు అక్కడి కుమ్మరులను వెంట తెచ్చుకున్నారు. అలా వచ్చిన యి సామ్‌ప్యోంగ్ అరిత దగ్గర ఇజుమియమ కొండలో పింగాణీకి పనికొచ్చే రాయి కనిపెట్టాడని, అది 1616లో జరిగిందని అక్కడివాళ్ళు చెప్పుకుంటారు. ఆ లెక్కనే 2016లో అరిత నాలుగు వందల ఏళ్ళ పండుగ చేసుకుంది. ఆ ఊళ్ళో ఒక గుడి ముందు తోరణం కూడా పింగాణీదే. 1888లో కట్టారు, తెలుపు మీద నీలం తీగలు. మన ఊరి గుడి గాలిగోపురాన్ని పింగాణీతో కట్టారని ఊహించుకోండి, ఆ ఊరికి ఈ మట్టి అంటే ఏమిటో అర్థమవుతుంది.

అరితలో చేసిన సరుకు దగ్గర్లోని ఇమారి రేవు నుంచి ఓడలెక్కేది. అందుకే దానికి ఇమారి అని పేరు. చైనాలో మింగ్ వంశం కూలి అక్కడి బట్టీల పని కుంటుపడటంతో డచ్ ఈస్టిండియా కంపెనీ అరిత వైపు తిరిగింది. 1659లో పెద్ద ఆర్డరు ఇచ్చింది. ముదురు నీలం, ఇటుక ఎరుపు, బంగారం, ఈ మూడూ కిక్కిరిసిన వాజ్ ఎక్కడైనా కనిపిస్తే అది ఇమారి పద్ధతి. అదే అరితలో కకియెమోన్ కుటుంబం దీనికి పూర్తిగా ఎదురు దారి పట్టింది. పాలమీగడ లాంటి తెలుపు, దాని మీద ఒక పక్కగా చిన్న కొమ్మ, రెండు పిట్టలు, మిగతాదంతా ఖాళీ. ఆ ఖాళీయే దాని అందం. నబెషిమ అనేది ప్రభువుల ఇంటికోసం మాత్రమే చేసినది. పాతది చూడాలంటే మ్యూజియమే గతి.

కుతాని ఉండేది జపాన్‌కి ఇంకో వైపు, ఇషికావాలో. ఆకుపచ్చ, పసుపు, ఊదా, ముదురు నీలం, ఎరుపు, ఈ అయిదు రంగులూ మందంగా, గాజు కరిగించి పోసినట్టు ఉంటాయి. పాత కుతాని మన చేతికి అందదు గానీ, పంతొమ్మిదో శతాబ్దంలో మళ్ళీ మొదలయ్యాక వచ్చిన వాజ్‌లు ఇప్పటికీ బాగానే దొరుకుతాయి.

సత్సుమ గురించి ఒక హెచ్చరిక. అమ్మేవాళ్ళు దాన్నీ పింగాణీలో కలిపేస్తారు. అది పింగాణీ కాదు. మీగడ రంగు మట్టి పాత్ర, పైన మెరుగులో, అంటే గాజులాంటి పూతలో, సన్నటి వలలాంటి పగుళ్ళుంటాయి. అందమైనదే, కానీ వేరే జాతి. అలాగే అడుగున ‘రాయల్ సత్సుమ’ అని ఇంగ్లీషులో ఉంటే దాన్ని అక్కడే వదిలేయండి.

మొదటిసారి కొనేవాళ్ళకి నేను సిఫారసు చేసేది ‘నిప్పాన్’ కాలం వాజ్‌లు. వీటి కథ అమెరికాతో ముడిపడి ఉంది. 1876లో మొరిమురా సోదరులు వ్యాపారం మొదలుపెట్టారు, తమ్ముడు న్యూయార్క్ వెళ్ళి దుకాణం తెరిచాడు. అమెరికా 1890లో చేసిన సుంకాల చట్టం ప్రకారం దిగుమతి వస్తువు మీద తయారైన దేశం పేరు ఉండాలి. జపాన్‌వాళ్ళు తమ దేశాన్ని తాము పిలుచుకునే పేరు ‘నిప్పాన్’ అని రాశారు. అది ఇంగ్లీషు మాట కాదు, ‘జపాన్’ అని రాయాల్సిందేనని 1921లో అమెరికా పట్టుబట్టింది. అంటే నిప్పాన్ ముద్ర ఉన్న వస్తువు నిజమైనదైతే 1891కీ 1921కీ మధ్యది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అమెరికా సేనలు అక్కడున్న కాలంలో, 1952 దాకా, ‘ఆక్యుపైడ్ జపాన్’ అన్న ముద్ర కూడా పడింది. ఒక దేశం ఓటమి పూలజాడీల అడుగున అచ్చయిందన్న మాట.

మొరిమురా వాళ్ళే 1904లో నగోయా దగ్గర నోరితాకె అనే ఊళ్ళో పెద్ద ఫ్యాక్టరీ పెట్టారు. ఇప్పుడు మనం నోరితాకె అంటున్న కంపెనీ అదే. నిప్పాన్ ముద్ర ఉన్నదంతా నోరితాకెది కాదు, వేరే వాళ్ళూ చేశారు. కానీ మంచివాటిలో చాలా వాళ్ళవి. సంఖ్యలో బోలెడన్ని ఉండటం వల్ల ధర అందుబాటులో ఉంటుంది, తప్పు చేసినా ఇల్లు గుల్ల కాదు.

కన్ను అలవాటు పడాలి

కొనకముందు కనీసం మూడు నెలలు చూడండి. హైదరాబాద్‌లో ఉన్నవాళ్ళకి సాలార్ జంగ్ మ్యూజియం ఉంది. మూడో సాలార్ జంగ్ మీర్ యూసఫ్ అలీ ఖాన్ తన జీవితమంతా పోగుచేసిన వస్తువుల్లో జపాన్ పింగాణీ కూడా ఉంది. చిన్నప్పుడు మనమంతా గంటలు కొట్టే గడియారం దగ్గర నిలబడి, మేలిముసుగు రెబెకాని చూసి బయటికి వచ్చేశాం. ఈసారి తిన్నగా జపాన్ గదికి వెళ్ళండి. శుక్రవారం సెలవు. ఒక్క వాజ్ ముందు పావుగంట నిలబడండి. మెడ దగ్గర నమూనా ఎక్కడ మొదలైంది, చుట్టూ తిరిగి వచ్చి ఎక్కడ కలిసింది, కలిసేచోట చిత్రకారుడు ఖాళీని ఎలా సర్దుకున్నాడు, ఇవి చూడండి. యంత్రంతో అతికిన బొమ్మకి ఆ సర్దుబాటు ఉండదు.

జపాన్ వెళ్ళే అవకాశం ఉంటే అరితలోని క్యూషూ సిరామిక్ మ్యూజియం చూడండి. ఏప్రిల్ 29 నుంచి మే 5 దాకా ఆ ఊళ్ళో పెద్ద పింగాణీ సంత జరుగుతుంది. ఎక్కువ కొత్త సరుకే, కానీ వీధంతా నడిస్తే కంటికి నెలల పాఠం ఒక్కరోజులో దొరుకుతుంది.

మ్యూజియంలో ముట్టుకోనివ్వరు. చేతికి పాఠం వేలం పాటల దగ్గర దొరుకుతుంది. వేలానికి ముందు రోజు వస్తువులు చూడటానికి పెడతారు, అడిగితే చేతికిస్తారు. కొనకపోయినా ఎవరూ ఏమనరు. నాకు తెలిసినదాంట్లో సగం అక్కడ నేర్చుకున్నదే.

చేతిలోకి తీసుకునే తీరు

ఉంగరాలు, గాజులు, వాచీ తీసేయండి. మెడలో పొడుగు గొలుసుంటే లోపలికి వేసుకోండి. అడిగి తీసుకోండి. ఒక చెయ్యి అడుగున, ఒక చెయ్యి నడుం దగ్గర. చెవుల్లా ఉన్న పిడులు పట్టుకుని ఎప్పుడూ ఎత్తకండి, మెడ పట్టుకుని అసలే వద్దు. ఒకప్పుడు విరిగితే అతికించినవి అవే అయ్యుంటాయి, మీ చేతిలో ఊడితే బాధ్యత మీదవుతుంది. తిరగేసి చూడాలంటే గాల్లో తిప్పకుండా, బల్లమీద మెత్తటి గుడ్డ వేసి దానిమీద నెమ్మదిగా పక్కకి వాల్చండి. ఇంకొకరి చేతికి మీ చేతి నుంచి ఇవ్వకండి. బల్లమీద పెట్టండి, వాళ్ళు తీసుకుంటారు.

చూడాల్సిన వరుస

మొదట మట్టి. మన అమ్మమ్మల ఆవకాయ జాడీని పింగాణీ జాడీ అంటాం గానీ అది స్టోన్‌వేర్, అంటే గట్టిగా కాల్చిన మట్టి పాత్ర. దాని అంచు పెచ్చు లేచిన చోట చూడండి, లోపల మట్టి బూడిదరంగో గోధుమరంగో, కాస్త గరుగ్గా ఉంటుంది. అసలు పింగాణీ విరిగిన చోట తెల్లగా, గాజు పెంకులా ఉంటుంది. వాజ్ అంచు పలచగా ఉంటే చీకట్లో మూతిలోకి ఫోన్ టార్చ్ పెట్టి చూడండి. వెలుతురు తేనెరంగులోనో పాలరంగులోనో బయటికి వస్తుంది. మందంగా ఉన్న పెద్ద వాజ్‌లకి ఇది పనిచేయదు. సత్సుమకి అసలు రాదు, కాబట్టి దాన్ని వేరు చేయడానికి ఇదొక దారి.

తర్వాత అడుగు చుట్టు. బల్లమీద ఆనే ఆ వలయానికి మెరుగు ఉండదు, ఉంటే బట్టీలో కింద అతుక్కుపోయేది. ఆ మెరుగు లేని చోట వేలితో రుద్దండి. పాత వాజ్‌కి ఏళ్ళ తరబడి బల్లలమీద జరిగి జరిగి అక్కడ నునుపొస్తుంది. మురికి కూడా పల్లపు చోట్ల మాత్రమే నిలుస్తుంది. వలయమంతా ఒకే రంగులో, టీ నీళ్ళలో ముంచినట్టు ఉంటే అనుమానించండి.

మూడోది రంగు. ఇమారి వాజ్ అయితే ఒక చక్కటి పరీక్ష ఉంది. గోటితో నీలం మీద గీయండి, ఏమీ తగలదు. ఎందుకంటే నీలం మెరుగు కింద ఉంది. మెరుగు పూయకముందే కోబాల్ట్‌తో గీసి, ఆ తర్వాత మెరుగు పూసి, దాదాపు 1300 డిగ్రీల వేడిలో కాల్చేస్తారు. ఆ ఎరుపూ బంగారమూ అంత వేడికి ఆగవు. అందుకని మెరుగు మీద వేసి, ఈసారి 800 డిగ్రీల లోపు వేడిలో మళ్ళీ కాలుస్తారు. అందువల్ల ఎరుపు మీదకి గోరు వచ్చేసరికి చిన్న మెట్టు ఎక్కినట్టు తగులుతుంది. నీలమూ ఎరుపూ రెండూ ఒకే ఎత్తులో నున్నగా ఉంటే ఆ బొమ్మ అచ్చువేసి అతికించింది అయ్యుండొచ్చు. పదింతలు పెద్దదిగా చూపే చిన్న భూతద్దం ఒకటి కొని జేబులో పెట్టుకోండి. అచ్చు బొమ్మ కింద దినపత్రిక ఫొటోలోలాగా చుక్కలు కనిపిస్తాయి. కుంచె గీతకి మొదట్లో లావు, చివర్లో సన్నం, రంగు చిక్కబడ్డ చోట ముదురు. ముగ్గు వేసే చెయ్యి ఎక్కడ ఆగిందో మనకి తెలిసినట్టే, కుంచె ఎక్కడ ఆగి ఊపిరి పీల్చుకుందో ఇక్కడా తెలుస్తుంది.

నిప్పాన్ వాజ్‌ల మీద ‘మొరియగె’ అనే పని చాలా ఉంటుంది. పలచగా కలిపిన మట్టిని గొట్టంలోంచి పిండి, గోరింటాకు కోన్‌తో పెట్టినట్టు, చుక్కలూ తీగలూ ఉబ్బెత్తుగా వేస్తారు. నా దగ్గర తొమ్మిది అంగుళాల వాజ్ ఒకటుంది. ఒంటెమీద ఒక మనిషి, వెనక ఈతచెట్లు, సూర్యాస్తమయం. ఎక్కడో అమెరికా ఇంట్లో అరమీద పెట్టుకోవడానికి, ఎడారిని చూసి ఉంటాడో లేదో తెలియని జపాన్ చిత్రకారుడు గీశాడు. దాని భుజం చుట్టూ ఆవగింజలంత మొరియగె చుక్కలు వరుసగా ఉన్నాయి. ఒక సాయంత్రం కూర్చుని లెక్కపెట్టాను, 212. భూతద్దంలో చూస్తే ప్రతి చుక్కకీ పైన చిన్న తోక ఉంది, గొట్టం పైకి లేపినప్పుడు మిగిలిన మొన. తోకలన్నీ ఒకే వైపు, కాస్త కుడికి వాలి ఉన్నాయి. ఆ చేతి వాటం నూరేళ్ళ తర్వాత నా బల్లమీద కనిపిస్తోంది. నకిలీలో ఇది దొరకదు. అందులో చుక్కలు అచ్చులోనే వచ్చేస్తాయి, తోకలుండవు, బోడిగా ఉంటాయి.

నాలుగోది బంగారం. చెయ్యి తగిలే చోట అరగాలి: పిడుల వెలుపల, మూతి అంచు, అతి లావైన చోట. పిడి లోపలి మడతలో బంగారం పోయి, బయట నిగనిగలాడుతుంటే ఎవరో కావాలని అరగదీశారు. ఇత్తడి చెంబులా పచ్చగా, ఎక్కడ చూసినా ఒకేలా మెరుస్తుంటే అది కొత్త పూత.

దెబ్బలు వెతకడం

సంతలో కుండ కొనేటప్పుడు మనం వేలి కణుపుతో తట్టి చూస్తాం కదా, అదే పని. వాజ్‌ని అరచేతి మీద నిలబెట్టి గోటితో మూతి అంచున తట్టండి. బాగున్నది ఖంగుమని మోగి కాసేపు నిలుస్తుంది. నెర్ర ఉన్నది టప్పుమని ఆగిపోతుంది. మూతి సన్నగా ఉన్న సీసా ఆకారపు వాజ్‌లు బాగున్నా సరిగ్గా మోగవు, కాబట్టి ఈ ఒక్క పరీక్ష మీద ఆధారపడొద్దు.

అతికించి రంగు వేసిన చోట్లు పట్టుకోవడానికి చిన్న అల్ట్రావయొలెట్ టార్చ్ మంచి సాధనం. నోట్లు పరీక్షించేదే. చీకటి గదిలో వేసి చూస్తే కొత్త జిగురూ కొత్త రంగూ చుట్టూ ఉన్న మెరుగుకంటే వేరుగా వెలుగుతాయి. టార్చ్ లేకపోతే కళ్ళు మూసుకుని మూతి చుట్టూ వేలు తిప్పండి. పింగాణీ చల్లగా ఉంటుంది, రెసిన్ పూసిన చోట ఆ చల్లదనం తగ్గుతుంది, కాస్త జిగటగా కూడా అనిపిస్తుంది.

అడుగున మధ్యలో రంధ్రం ఉందేమో చూడండి. అమెరికాలో ఒకప్పుడు అందమైన వాజ్‌లకి అడుగున బెజ్జం కొట్టి, వైరు దూర్చి, టేబుల్ ల్యాంపులు చేసేవాళ్ళు. బెజ్జం పడిన వాజ్ ధర బాగా పడిపోతుంది. బెజ్జం పూడ్చి అమ్మేవాళ్ళున్నారు, అడుగు మధ్యలో రంగు తేడా ఉందేమో గమనించండి. మీకు కేవలం అరలో పెట్టుకోవడానికే అయితే బెజ్జం ఉన్నదాన్ని తక్కువ ధరకి కొనుక్కోవచ్చు. పైన బొమ్మ అంతే అందంగా ఉంటుంది. నా దగ్గర అలాంటివి రెండున్నాయి, వాటిని నేను మిగతావాటికంటే తక్కువగా చూడను.

బట్టీలో వచ్చిన లోపాలు వేరు. మెరుగులో నల్లచుక్క, చిన్న గుంట, అంటుకున్న ఇసుకరేణువు, ఇవి పుట్టుమచ్చలు. బట్టీలో పడిన పగులుకి అంచులు గుండ్రంగా, మెరుగు లోపలికి దిగి ఉంటుంది. తర్వాత పడిన పగులు సన్నగా, పదునుగా, లోపల మురికి పట్టి ఉంటుంది.

ఇప్పుడు ముద్ర

ఇన్నీ చూశాక తిరగేయండి. మీ మనసులో ఇది ఫలానా కాలంది, ఫలానా చోటిది అన్న అంచనా ఈపాటికి వచ్చి ఉండాలి. ముద్ర దాన్ని బలపరచాలి. అంచనాకీ ముద్రకీ పొంతన కుదరకపోతే నేను ముద్రని నమ్మను.

కుతాని ముద్రలో రెండు అక్షరాలుంటాయి. మొదటిది తొమ్మిది, రెండోది లోయ, కలిపితే తొమ్మిది లోయలు. జపాన్ అక్షరాలు పైనుంచి కిందికి, కుడి వరస నుంచి ఎడమకి చదవాలి. నాలుగైదు అక్షరాలు గుర్తుపట్టడం నేర్చుకుంటే చాలు. ఫుకగావ సెయిజి కంపెనీది ఫుజి కొండ, దాని కింద ఏటి పాయ. కోరాన్‌షా ముద్ర ఆర్కిడ్. గుండ్రటి సున్నాలో శిలువ ఉంటే అది సత్సుమ ప్రభువుల షిమాజు వంశం గుర్తు. అరిత వస్తువుల అడుగున చైనా మింగ్ చక్రవర్తి పేరు కూడా కనిపిస్తుంది. అది మోసం చేయడానికి రాసింది కాదు. పాత చైనా పనిమీద గౌరవంతో అలా రాసే ఆనవాయితీ ఉండేది. అది చూసి చైనాది అనుకోకండి, అయిదు వందల ఏళ్ళదని అసలే అనుకోకండి.

ఇక నా 140 డాలర్ల వాజ్. ఒక పాత సామాన్ల సంతలో కొన్నాను. పన్నెండు అంగుళాలు, పెద్ద పెద్ద గులాబీలు, అడుగున ఆకుపచ్చ దండ, ‘హ్యాండ్ పెయింటెడ్ నిప్పాన్’. ఇంటికి తెచ్చి ఒంటె వాజ్ పక్కన పెట్టగానే ఏదో తేడాగా అనిపించింది. తెలుపు తెలుపులా లేదు, సున్నంలో బూడిద కలిసినట్టుంది. చేతికి బరువు. గులాబీల అంచులన్నీ ఒకే మందం. అప్పుడు రెండు ముద్రలూ భూతద్దంలో పక్కపక్కన చూశాను. అసలుదాంట్లో దండ మధ్యన మొరిమురా మొదటి అక్షరం ‘ఎం’ ఉంది. కొత్తదాంట్లో ఆ చోట ఇసుక గడియారం లాంటి బొమ్మ ఉంది. చేసినవాడు పూర్తిగా నకలు కొట్టకుండా ఆ ఒక్క చోట మార్చాడు. ఆ నకిలీ ముద్ర సేకరించేవాళ్ళందరికీ తెలిసినదేనని తర్వాత తెలిసింది. సంతలో ఆ రోజు నేను వాజ్‌ని ఇప్పుడు చెప్పిన వరుసలో చూసి ఉంటే, ముద్ర దాకా వెళ్ళే పనే ఉండేది కాదు.

ఎక్కడ కొనాలి, ఎంత పెట్టాలి

అమెరికాలో ఉన్న మనవాళ్ళకి ఎస్టేట్ సేల్స్, ఊళ్ళల్లో జరిగే చిన్న వేలాలు మంచివి. మొదటి రోజు ధర ఎక్కువ, మంచివి దొరుకుతాయి. రెండో రోజు ధర తగ్గుతుంది, మిగిలినవి దొరుకుతాయి. బేరం మర్యాదగా, ఒక్కసారే చేయండి. లోపం ఉంటే చూపించి అడగండి, వస్తువుని చిన్నబుచ్చకండి. జపాన్‌లో అయితే క్యోతోలో తోజి గుడి దగ్గర ప్రతి నెలా 21న, కితానో తెన్మాంగు దగ్గర 25న సంత జరుగుతుంది. తెల్లవారే వెళ్ళాలి.

ఆన్‌లైన్‌లో కొంటే అడుగుతున్న ధర చూసి బెంబేలెత్తకండి. ఎవరు ఎంతైనా అడగొచ్చు. ఇలాంటివి నిజంగా ఎంతకి అమ్ముడయ్యాయో, ఆ పాత అమ్మకాలు చూడండి. ఫొటోలు అడిగేటప్పుడు మొత్తం వాజ్ నాలుగు వైపులా, మూతి పైనుంచి, అడుగు నిలువుగా, పక్కవెలుతురులో ఒకటి అడగండి. పక్కనుంచి పడే వెలుతురులో నెర్రలు దాక్కోలేవు. ఫొటోలు పంపడానికి విసుక్కునేవాళ్ళ దగ్గర కొనకండి.

పెద్ద వాజ్‌లు చాలావరకు జంటలుగా తయారయ్యేవి. జంట ధర ఒక్కదాని ధరకి రెట్టింపుకంటే ఎక్కువే ఉంటుంది. ఒంటరిది చవకగా దొరుకుతుంది, మొదట్లో అదే తీసుకోండి. జపాన్‌లో మంచి వాజ్‌లు పౌలోనియా చెక్కపెట్టెలో వస్తాయి. మూతమీద చేసినవాళ్ళ సంతకం ఉంటుంది. ఆ పెట్టె పోతే వస్తువు విలువ తగ్గుతుంది, కాబట్టి అడ్డంగా ఉందని పారేయకండి. అయితే వేరే వాజ్‌ని ఒక మంచి పెట్టెలో పెట్టి అమ్మడమూ ఉంది. లోపల సరిగ్గా ఇమిడిందో లేదో, కొలత సరిపోయిందో చూడండి.

నా మొదటి పది వాజ్‌లు ఒక్కోటీ 30 నుంచి 80 డాలర్ల లోపు కొన్నవే. వాటిలో నాలుగు ఇప్పుడు నా దగ్గర లేవు, ఇచ్చేశాను. ఏడాదికి అయిదు మామూలువి కొనేకంటే డబ్బు దాచి ఒక మంచిది కొనండి.

ఇండియాకి తెచ్చేటప్పుడు

రెండు పెట్టెల పద్ధతి పాటించండి. వాజ్ లోపల మెత్తటి కాగితం నింపి, చుట్టూ బబుల్ ర్యాప్ చుట్టి ఒక పెట్టెలో, ఆ పెట్టెని అన్ని వైపులా మూడు అంగుళాల మెత్త ఉండేలా ఇంకో పెద్ద పెట్టెలో పెట్టండి. దినపత్రిక నేరుగా బంగారం మీద తగలనివ్వకండి. బిల్లు జాగ్రత్త చేయండి, కస్టమ్స్ దగ్గర చూపించి నిజం చెప్పండి.

హైదరాబాద్‌లోనో, ఇంకెక్కడో పాత ఇంటివాళ్ళ దగ్గర కొని విదేశాలకి తీసుకెళ్ళాలనుకునేవాళ్ళు ఒకటి తెలుసుకోవాలి. ఇండియాలో 1972 నాటి పురావస్తువుల చట్టం ఉంది. నూరేళ్ళు నిండిన ఇలాంటి వస్తువుని మామూలు మనుషులు దేశం దాటించకూడదు. నూరేళ్ళ లోపుదైనా చూడటానికి పాతదిగా ఉంటే, అది పురావస్తువు కాదని భారత పురావస్తు శాఖ నుంచి సర్టిఫికెట్ తీసుకుని బయలుదేరడం మంచిది. ఎయిర్‌పోర్టులో వాదించుకునే పని తప్పుతుంది.

కడగడం, పెట్టడం

ప్లాస్టిక్ టబ్‌లో అడుగున తువ్వాలు పరిచి, గోరువెచ్చటి నీళ్ళు, రెండు చుక్కల మెత్తటి సబ్బు. ఒక్కో వాజ్ విడిగా. చింతపండు, నిమ్మచెక్క, తోమే పొడి, పీచు ఇవేవీ దగ్గరికి రానివ్వకండి. ఇత్తడికి పనికొచ్చేవి ఇక్కడ బంగారాన్నీ ఎరుపునీ తినేస్తాయి. ఇంట్లో పనికి సాయం వచ్చేవాళ్ళకి ఈ మాట ముందే చెప్పండి. మొరియగె ఉన్నవాటిని, అతికించినవాటిని నీళ్ళలో పెట్టకండి. మెత్తటి పెయింటింగ్ బ్రష్‌తో దుమ్ము దులిపితే చాలు. డిష్‌వాషర్ మాటే వద్దు.

పూలు పెట్టాలనిపిస్తే తప్పకుండా పెట్టండి, అందుకే చేశారు. కానీ లోపల సన్నటి గాజు గ్లాసో ప్లాస్టిక్ డబ్బానో దించి నీళ్ళు అందులో పోయండి. నీళ్ళు నేరుగా పోస్తే లోపల తెల్లటి గార కడుతుంది. అర అంచుకి దూరంగా, కిటికీ తెర ఊగి తగలని చోట పెట్టండి. అడుగున మ్యూజియం వాళ్ళు వాడే మెత్తటి మైనం నాలుగు చుక్కలు అంటిస్తే పిల్లలు పరిగెత్తినా కదలదు.

విరిగితే ముక్కలన్నీ, గింజంత పెచ్చుతో సహా, ఒక డబ్బాలో వేసి ఉంచండి. ఆ క్షణాన ఫెవిక్విక్ తియ్యకండి. ఒకసారి తప్పుగా అతుక్కుంటే విడదీయడం చాలా కష్టం. బాగుచేసేవాళ్ళ దగ్గరికి తీసుకెళ్ళండి. జపాన్‌వాళ్ళు లక్కతో అతికి, అతుకుమీద బంగారుపొడి చల్లే పద్ధతి ఉంది, కిన్‌త్సుగి అంటారు. లక్క గట్టిపడటానికే వారాలు పడుతుంది, తొందరపెట్టకూడదు.

నోట్‌బుక్

ప్రతి వాజ్‌కీ ఒక పేజీ. కొన్న తేదీ, ఊరు, ధర, ఎత్తు, లోపాలు, అడుగు ఫొటో. అమ్మినవాళ్ళు చెప్పిన కథ ఉంటే వాళ్ళ మాటల్లోనే రాయండి, అది నిజమో కాదో పక్కన మీ అనుమానం కూడా రాయండి. ఒంటె వాజ్ పేజీలో, అమ్మినావిడ చెప్పిన మాట రాసుకున్నాను: వాళ్ళ నాయనమ్మ అందులో ఉత్తరాలు దాచుకునేదట.

ఇసుక గడియారం ముద్ర ఉన్న ఆ నకిలీకి కూడా పేజీ ఉంది. దాన్ని పారేయలేదు, ఎవరికీ అమ్మలేదు. మళ్ళీ ఇంకొకరు మోసపోకుండా అడుగున చెరగని ఇంకుతో ‘నకలు’ అని రాశాను. ఇప్పుడది ఒంటె వాజ్ పక్కనే ఉంటుంది. నేర్చుకోవాలని ఎవరైనా ఇంటికి వస్తే కళ్ళు మూసుకోమని రెండూ ఒకదాని తర్వాత ఒకటి చేతిలో పెడతాను. మీకూ అలాంటిది ఒకటి దొరికితే అసలుదాని పక్కన ఉంచుకోండి.